రాసుకున్నారు కదా

డాక్టరు గారికి,

కడుపుతో ఉన్నవాళ్ళ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే ఎక్కడైనా వాపు, ఉంటే బిడ్డకేమవుతుందో తేల్చే మీ పరిశోధనకు నెలనెలా రక్తమిచ్చాను. ఏడో నెలలో చిగుళ్ళు వాచి జ్వరమొచ్చిందని చెప్తే మీ నర్సు శ్రద్ధగా ఫారంలో రాసుకుంది. హైటెక్ సిటీలో నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌నండి. మా దగ్గర ప్రోగ్రాంలో దొరికిన తప్పును రాసి పెడితే ఎవరో ఒకరు దాని సంగతి చూసి తీరాలి. మీరూ చూస్తారనుకుని వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. పది రోజులకే పాప పుట్టింది. నెల రోజులు అద్దాల పెట్టెలో ఉంది.

అడిగితే, "ఫారాలన్నీ చివర్లో కలిపి చూస్తామమ్మా, ఇది స్టడీ, ట్రీట్‌మెంట్ కాదు" అన్నారు. సిగ్గనిపించలేదా మీకు?

ఇప్పుడు అదే స్టడీకి పాప మడమలోంచి నాలుగు చుక్కల రక్తం కావాలని రోజూ ఫోన్లు. ఇవ్వను. మీరు రాసుకున్నారు కదా అని నేను ఊరుకున్నాను. రాసుకుని మీరెలా ఊరుకున్నారు?

మీ ఫారంలో నలభై ఒకటో నంబరు తల్లి