తమ్ముడి ఎత్తు బెల్లం

బందరు,
6 ఆగస్టు 1978.

పూజ్యులైన వదినగారికి, మీ మరదలు ఉమామహేశ్వరి నమస్కారాలు.

ఈరోజు పనులు: పంపు దగ్గర నాలుగు బిందెల నీళ్ళు, బియ్యం ఏరడం, మీ తమ్ముడికి మూడుసార్లు భోజనం. నాలుగోసారి కూడా కంచం ముందు కూర్చున్నారు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను.

గుంటూరు డాక్టరుగారు వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేయించారు. మెదడు చుట్టూ ఉండే పొర వాచిందట. క్రిములేమీ లేవు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే సొంత పొర మీద తిరగబడిందట. చాలా అరుదైన జబ్బట. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాక తలపోటు తగ్గింది, ఒకటి రెండుగా కనిపించడం పోయింది. చెప్పకుండా ఆపితే మాత్రం ప్రాణం మీదికొస్తుందన్నారు.

ఆయన ఆసుపత్రిలో చేరిన రోజు మీరు అమ్మవారికి ఎత్తు బెల్లం మొక్కుకున్నారు కదా. అప్పుడాయన నలభై ఎనిమిది కిలోలు. ఈ మాత్రలకి ఆకలెక్కువ. ఇప్పుడు యాభై ఏడు. త్వరగా తీర్చేస్తే మంచిదేమో.

మీ
ఉమ

తా.క.: ఉప్పు కూడదన్నారని మీ ఆవకాయ పక్కింటి సఫియాకి ఇచ్చేశాను. మీ తమ్ముడు గోడ దగ్గర నిలబడి వాసన చూస్తున్నారు.

నాగాయలంక,
14 ఆగస్టు.

చి.సౌ. ఉమకు శారదాంబ దీవెనలు.

అంటే కాపలా కుక్క ఇంటివాళ్ళనే కరిచిందన్నమాట. అలాంటప్పుడు కుక్కకి తిండి తగ్గించాలి గానీ మావాడికి పెంచడమేమిటే? సరే, డాక్టరు చెప్పినట్టే చెయ్యి. వాణ్ణి పెరగనీ. మొక్కు మాట మాత్రం ఇప్పుడెత్తకు. నాకింకా టైము కావాలి.

శారదాంబ

తా.క.: ఆవకాయ పోతే పోయింది. జాడీ అయినా వెనక్కి తెచ్చుకో.

బందరు,
27 సెప్టెంబరు.

వదినగారికి నమస్కారాలు.

ఆ మాత్రలు జోకొట్టేది కుక్కని, మేపేది మీ తమ్ముణ్ణి. ఆయన అరవై నాలుగు కిలోలు దాటారు, మీకేమో టైము కావాలి! ఖర్చుకి వెనకాడుతున్నారనుకుని నా గాజులు అమ్ముదామని తీశాను. తీరా చూస్తే అవి చిలకలపూడి గిల్టువి.

ఇదంతా విని మీ తమ్ముడు, “నా ఒళ్ళు పెరిగితే అక్క అప్పు పెరుగుతుంది” అని మాత్రలు మింగకుండా జేబులో దాచారు. మూడు రోజులకే తల పట్టుకుని కూలబడ్డారు. నేను ఇద్దరుగా కనిపిస్తున్నానట. అంత బాధలోనూ “ఇద్దరూ ఒక్కసారే తిట్టకండి” అన్నారు. మొదటి బస్సుకే గుంటూరు పరుగెత్తాం. గండం గడిచింది. నిన్న పేపరు తనే చదువుకున్నారు. ఇక నావల్ల కాదండీ. ఎంత తూగితే అంతా ఇచ్చేద్దాం.

ఉమ

తా.క.: జాడీ వచ్చింది. ఖాళీగా.

నాగాయలంక,
4 అక్టోబరు.

ఉమా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడుస్తూనే చల్లపల్లి బస్సెక్కి రైసుమిల్లుకి వెళ్ళాను.

పిచ్చిదానా, వాడి ఎత్తు అని నీకెవరు చెప్పారు? ఆ రోజు వాడు ఎముకల గూడులా పడి ఉన్నాడు. వాడి ఎత్తు ఇస్తానంటే అమ్మవారు మరీ చిన్న బేరమనుకుంటుందేమోనని, నా ఎత్తు మొక్కుకున్నాను. తర్వాత చూసుకుంటే ఎనభై ఆరు కిలోలు! దసరా దాకా ఒంటిపూట తిని కాస్త తేలికవుదామనుకున్నాను. అందుకే టైము అడిగాను. ఆ మాట నీకు రాయడానికి సిగ్గేసింది. నా సిగ్గు వాడి ప్రాణం మీదికి తెచ్చింది.

కాటా ఎక్కి ఒక కాలు మెల్లిగా నేలకి ఆనించాను. మిల్లులో తూకం వేసే అంకమ్మరావు చూసి, “అమ్మగారూ, అవతల అమ్మవారండీ, మా షావుకారు కాదు” అన్నాడు. కాలెత్తాను. ఎనభై ఏడు! ఒంటిపూట తిన్నందుకు కిలో పెరిగాను.

వాణ్ణి మాత్రలు వేసుకుని హాయిగా తినమను.

శారదాంబ

తా.క.: వాడి చొక్కాలన్నిటికీ జేబుల మూతులు కుట్టేసెయ్. నీ లెక్కల పుస్తకంలో రాసుకో: ఎనభై ఏడు కిలోల బెల్లం నిన్న గుళ్ళో ముట్టింది. అమ్మవారి బాకీ చెల్లు.