పెత్రమాస విస్తరి

సంజనా,

ఫ్రిజ్‌లో అరకిలో మటన్ ఉన్నది. పారేయకు, వండు. ముట్టనంటే మసాలా నూరి పెట్టు, వచ్చి నేనే వండుతాను. విస్తరికి మోదుగాకుల కోసం బజారుకు పోతున్నాను.

"మేక పాపం బాపూ, భూమి వేడెక్కుతున్నది, నీ గుండెకు గూడ మంచిది గాదు" అని ఆరు నెలలుగా మీల్‌మేకర్ పెడుతున్నావు. నోరు మూసుకొని తింటున్నాను. కానీ ఈ రోజు పెత్రమాస, చనిపోయిన పెద్దలకు పెట్టే రోజు. మీ అమ్మ విస్తరిలో కూడా అదే పెడతానంటే ఊరుకోను. చచ్చినవాళ్లకు గుండెజబ్బు రాదు.

బతికినన్నాళ్లు ముక్కలన్నీ నాకూ నీకూ వేసి, తాను ఉత్త పులుసుతో తిన్నది. నేనూ ఒక్కనాడు "నీకేవి?" అని అడగలేదు.

బాపు

నాకు మీల్‌మేకరే పెట్టు. ముక్కలన్నీ ఆమె విస్తరిలోనే వెయ్యి.