నాలుగు నిమిషాలు తక్కువ

తిరుపతి, జనవరి 12

వరదయ్య గారికి నమస్కారం.

పుత్తూరులో బస్సులోంచి మీ మోటారు రిపేరు షాపు బోర్డు చూశాను. 'ఫోన్ చేయొద్దు, వినపడదు. రాసివ్వండి' అని ఉంది. నాకు మాట్లాడటం కష్టం. అందుకే రాస్తున్నాను.

కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. మిద్దె మీద చిన్న టెలిస్కోపు ఉంది. ఆకాశం తిరుగుతుంది కాబట్టి చూస్తున్నది నిమిషంలో తప్పుకుంటుంది. మా లైబ్రరీలో పనిచేసే కోమలిని పిలిచాను. ఆమె వంగేలోగా గురుగ్రహం వెళ్లిపోయింది. చీకటిని చూసి 'బాగుంది' అని దిగిపోయింది.

స్టాండును తిప్పే కంట్రోలరు కొనలేను. పాత ప్రింటరు మోటారు, కొలతలు పంపుతున్నాను. స్టాండు ఇరవైమూడు గంటల యాభైఆరు నిమిషాలకు ఒక చుట్టు తిరిగేలా చేసివ్వగలరా?

మీ షాపుకు రాని కస్టమరు,
వేదిక

తా.క. చప్పుడు రాకూడదు.

పుత్తూరు, జనవరి 20

అమ్మా వేదికా,

నలభై ఏండ్లుగా గ్రైండరు మోటార్లు చుడతా ఉండాను. స్పీడు తగ్గించమని ఎవురూ అడగలేదు. రోజుకు ఒక్క చుట్టు తిరిగే మోటారును మేము చెడిపోయిందంటాం. అయినా చేసి, పెట్టెలో బిగించి పంపినాను.

నీ లెక్కలో నాలుగు నిమిషాలు తగ్గింది. రోజుకు ఇరవైనాలుగు గంటలు గదమ్మా. సరిచేసి పెట్టినాను.

వరదయ్య

తా.క. చప్పుడు లేదు. నాకైతే వినపడలేదు.

తిరుపతి, జనవరి 27

వరదయ్య గారికి,

ఆదివారం కోమలి వస్తానంది. గురుణ్ణి మధ్యలో పెట్టి, మెట్ల వైపు చూస్తూ రెండు గంటలు కూర్చున్నాను. గురుడు అంచు వైపు జరిగిపోయాడు. ఆ నాలుగు నిమిషాల వల్లే. నక్షత్రాల రోజు మన రోజుకంటే అంత చిన్నది. పెట్టె తిరిగి పంపుతున్నాను, మార్చండి.

వేదిక

తా.క. చప్పుడు వస్తోంది. ఎవరో మెట్లెక్కుతున్నారనుకున్నాను.

పుత్తూరు, ఫిబ్రవరి 3

అమ్మా,

నీ గడియారమే దినానికి నాలుగు నిమిషాలు వెనకబడతా ఉండాది. మా గోడ గడియారం పంపినాను. మా ఆమె పోయినాక దాని గంట వినేవాళ్లు లేరు.

ఒక్కదానివే అయితే చేత్తోనే తిప్పుకోవచ్చు గదా. ఈ మోటారు ఎవురి కోసం?

వరదయ్య

తా.క. అది గంట కొడతా ఉండాదో లేదో రాయి.

తిరుపతి, ఫిబ్రవరి 9

వరదయ్య గారికి,

రెండు గడియారాలూ ఒకే సమయం చూపిస్తున్నాయి. మీరే ఒక చుక్కను ఎంచుకుని, అది ఏ స్తంభం వెనక్కో పోయే సమయం రోజూ రాసుకోండి.

మోటారు, చూసే రెండో మనిషి కోసం. ఇంకా దొరకలేదు.

వేదిక

తా.క. గంట కొడుతోంది. నిన్న పదమూడు కొట్టింది.

పుత్తూరు, ఫిబ్రవరి 16

వేదికమ్మకు,

మొదటి దినం చుక్క ఎనిమిదీ పదికి సెల్ టవరు వెనక్కి పోయింది. మర్నాడు ఎనిమిదీ ఆరుకు. మూడో దినం ఎనిమిదీ రెండుకు. తప్పు నాదే. ఇన్నేండ్లలో ఒకదాని కోసం ఇట్లా కాచుకోని కూర్చున్నది లేదు.

పెట్టె సరిచేసినాను. పోస్టులో వేయను, నేనే తెస్తాను. ఆదివారం సాయంత్రం ఏడున్నర అనుకో. ఏడూ ఇరవైయారుకే వస్తా. ఇంకో కుర్చీ వెయ్యి.

వరదయ్య

తా.క. నాతో మాట్లాడే పని పెట్టుకోవద్దు. ఎట్లాగూ వినపడదు.