నీళ్లు ఆపిన నిమిషం

అక్కా,

కోర్టులో నేను చెప్పాల్సింది నువ్వు రాసి పంపావు, చదివాను. లాయరువి కాబట్టి బాగానే రాశావు. కానీ ఒక్క వాక్యం కొట్టెయ్యి. "లోపలి నుంచి మూలుగు వినిపించి నీళ్లు ఆపించాను" అన్నది. నాకు ఏ మూలుగూ వినపడలేదు.

బట్టల గోడౌన్ తగలబడుతుంటే కాపలాదారు "లోపల ఎవరో దగ్గినట్టుంది సార్" అన్నాడు. నీళ్ల హోరులో మనిషి గొంతు వినపడదు. అందుకే అలాంటప్పుడు మేం ఫైరింజను పంపు ఆపి చెవులు రిక్కిస్తాం. ఆ కాసేపట్లో మంట పైకప్పును అందుకుంది. ఎదురింటివాళ్లు తీసిన వీడియోలో శబ్దం లేదు. అందులో మేం చోద్యం చూస్తున్నట్టే ఉన్నాం. కావాలనే తగలబడనిచ్చామని ఓనరు కేసు పెట్టాడంటే పెట్టడా మరి.

ఆ నిమిషం ఇప్పుడు నాకు కలలోకి వస్తోంది. పొగ దూదిలా మెల్లగా దిగుతుంది. మంట కూడా ఊపిరి బిగబట్టినట్టుంటుంది. మేమంతా తలలెత్తి, ఎవరైనా పిలుస్తారేమోనని నిలబడతాం. ఎవరూ పిలవరు. అప్పుడు మా డ్రైవరు, నిద్రపోతున్న పిల్ల లేస్తుందేమో అన్నట్టు, "ఎవరూ లేరు సార్" అంటాడు. నా ఒళ్లంతా తేలికైపోతుంది.

"మూలుగు విన్నానని చెప్పు, ఉద్యోగం నిలబడుతుంది" అన్నావు ఫోన్లో. నిలబడుతుందేమో. కానీ ఆ మాట అన్నానంటే, ఖాళీగా ఉన్న ఆ గోడౌన్‌లోకి ఒక మనిషిని నేనే పంపినట్టవుతుంది.

ఆ మనిషిని ఇక ఏ కలలోనూ బయటికి తేలేనక్కా.

నీ తమ్ముడు