అప్పియ్యని సాక్షి

వనపర్తి, బుధవారం రాత్రి

ఐపీ కాయితాలు ఇయ్యాల తయారైనయి. బోరుబండి కోసం ఎవరెవరి తాన అప్పు తెచ్చిన్నో అందరి పేర్లు వకీలు సాబు ఎక్కిచ్చిండు. దివాలా తీసిన అని సంతకాలు పెట్టి పెట్టి చెయ్యి గుంజింది.

ఆఖరికి, "నిన్ను ఎరిగినోళ్లను ఒకర్ని సాక్షికి తీస్కరా. అప్పిచ్చినోళ్లు మాత్రం పనికిరారు" అన్నడు.

కోర్టు ముంగట చాయ్ తాగుకుంట ఆలోచన చేసిన. దోస్తులు, బామ్మర్ది, నాకు చదువు చెప్పిన సారు గూడ ఆ కాయితాలల్లనే ఉన్నరు. నాగర్‌కర్నూల్ల ఉండే తమ్ముడు రాములు ఒక్కడే లేడు. "బండి కొనకు అన్నా, నేనైతే పైసలియ్య" అన్నందుకు వానితోని మాటలు బంద్ చేసింది నేనే.

ఇంటికొచ్చి ఫోన్ చేసిన. కోర్టుల సాక్షికి రావాలె అంటే ఎందుకని అడగలె. "ఎన్ని గంటలకు రావాలె అన్నా?" అన్నడు, అంతే.

అంటే వానికి అంతా ముందుగాలనే తెల్సు. తెల్సి కూడా నేను పిలిచేదాంక ఊకున్నడు. తప్పు నాదే గని, జర బాధైతుంది.

పొద్దుగాల బస్సు దిగంగనే "నేను చెప్పలేదా అన్నా" అంటడేమోనని భయంగున్నది. అనకుంటనే సంతకం పెట్టి పోతే అంతకన్నా ఎక్కువ బాధైతది.