నేలకు పోసిన కల్లు

ఆదివారం రాత్రి, పాలకుర్తి

నేను రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది కల్లు కోసం, ఊళ్లో జరిగే తెలంగాణ ఉద్యమ ఆటపాటల సభ, ధూంధాం కోసం. పొద్దున తాటివనంలో, చెట్లు గీసే సాయిలు మామ తాటాకు రేకలో కల్లు పోయగానే తాగబోయాను. ఆయన చెయ్యి పట్టి ఆపాడు.

"ముందుగాల నేలకు జర సాక పొయ్యి బిడ్డా, పోయినోళ్లకు."

"ఎవలకు మామా?"

"మా పోరనికి. యూనివర్సిటీల సదువుకుంట, తెలంగాణ కోసమని పానం తీసుకుండు."

పోశాను. ఆ తర్వాత కల్లు రుచి తెలియలేదు.

సాయంత్రం వేదిక మీద అమరుల పాట అయిపోగానే జనమంతా చప్పట్లు కొట్టారు. మామ చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. నేనూ కొట్టలేకపోయాను.

బయటికొచ్చి, యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. వాడి వెనక ఎవరో అదే పాట పాడుతున్నారు.

"ఏందన్నా, గిప్పుడు చేసినవ్?"

"తిన్నవారా?" అన్నాను.