మందుచీటీలో రెండు గొర్రెపిల్లలు

డాక్టర్ హారిక గారికి,

మొన్న పెన్‌పహాడ్ నుంచి మీ సూర్యాపేట దవాఖానకు వచ్చిన ముసలాయనను. "పానం బాగుంటలేదు" అన్నాను, గుర్తుందా? మీ కాగితంలో ఒళ్లు అని ఒక గడి, మనసు అని ఒక గడి ఉన్నాయి. "తాతా, ఇది ఏ గడిల రాయాలె?" అని మీరడిగారు. మా దగ్గర పానమంటే రెండూ.

చివరికి మోకాలు చూసి, ఒళ్లు గడి నింపి, రోజూ గంట నడవమన్నారు. నడుస్తున్నాను. కానీ నలభై ఏళ్లు గొర్రెల వెనక నడిచినవాణ్ని, ఒంటరిగా పోతుంటే దారిలో అందరూ "ఏమన్న పోగొట్టుకున్నవా మామా?" అంటున్నారు. మోకాలు నొస్తున్నదని నా కొడుకు సైదులు మంద మొత్తం అమ్మేశాడు. నా మంచికే చేశాడు లెండి.

నిన్న పక్కింటివాళ్ల గొర్రెపిల్ల తప్పిపోతే రెండు గంటలు తిరిగి పట్టుకొచ్చాను. మోకాలు గుర్తుకే రాలేదు. ఇంటికొచ్చి మారు అన్నం పెట్టించుకున్నాను.

అందుకే ఈ మనవి. సైదులు నా మాట వినడు గానీ, మీ చీటీలో ఉన్నది ఒక్కటీ తప్పనివ్వడు. మాత్రల కింద "రెండు గొర్రెపిల్లలు, పొద్దున, సాయంత్రం" అని రాసివ్వండి.

మనసు గడిలో మాత్రం రాయకండి, వాడు భయపడతాడు. మోకాలి కిందే రాయండి.

ఇట్లు,
మీ మోకాలి తాత